తొమ్మిదో గడి

కాగితం పదకొండు గంటలకు వచ్చింది. పదకొండుంబావుకు మాస్టారు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, ఏమీ జరగనట్టు బరువులెత్తే బార్‌కి ఇంకో పదికిలోల ప్లేటు తగిలించారు.

"రెండోవైపు, సార్," అంది బార్ కింద భుజాలు ఆనించి నిలబడ్డ అమ్మాయి.

మాస్టారు చూశారు. ఒకవైపే తగిలించారు. ఇంకో క్షణం ఆగి ఆ పిల్ల బార్ లేపి ఉంటే ఒక్కపెట్టున పక్కకి ఒరిగిపోయేది. ఈ వెయిట్ రూములో ఇరవై రెండేళ్ళుగా ఆయన చెయ్యని పొరపాటు అది.

"పక్కకి జరుగమ్మా. ఇవాళ్టికి బరువులు చాలు. తాడు తీసుకో."

కాగితంలో ఉన్నది మూడే వాక్యాలు. నెలాఖరు నుంచి ఫిట్‌నెస్ కోచ్‌గా పనిచేసే ప్రతివారికీ అర్హత పత్రం ఉండాలి. లేనివారు శనివారం పరీక్షకు రావాలి. తప్పినవారికి వెయిట్ రూములో ప్రవేశం లేదు. ఆ రోజు మంగళవారం.

స్పోర్ట్స్ హాస్టల్ సూపరింటెండెంటు ఆఫీసులో ఫారం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరేం కంగారు పడకండి మాస్టారూ. తప్పినా ఉద్యోగం పోదు. స్టోరు తాళాలు మీకిప్పిస్తాను. బంతులు లెక్కపెట్టుకుంటూ ఫ్యాను కింద కూర్చోవచ్చు."

"బంతులకి వెన్నుపూస ఉండదండీ. వాటికి నేను నేర్పేదేముంది?"

"అదే కదా సుఖం! ఉంటే కదా విరగడానికి." తన జోకుకి తనే నవ్వుకుని ఫారం ముందుకి తోశాడు. "అన్ని గడులూ నేనే నింపేశాను. మీకు శ్రమ లేకుండా. ఇక్కడ సంతకం. ఇక్కడొకటి. మీ కాపీ మీరుంచుకోండి."

మాస్టారికి దగ్గర చూపు ఆనక మూడేళ్ళయింది. వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టారు.

బయటికొస్తుంటే కొత్త కోచ్ ఎదురయింది. ఇరవై ఏడేళ్ళుంటాయి. వచ్చి రెండు నెలలయింది. అర్హత పత్రాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంది. అందుకని మాస్టారు ఆ గోడవైపు చూడటం మానేశారు.

"సార్, ఇది ఉంచండి." ఇటుకంత పుస్తకం చేతిలో పెట్టింది. "ప్రశ్నలు ఇందులోంచే వస్తాయి. చివర జవాబులున్నాయి."

"ఇదంతా చదివావామ్మా నువ్వు?"

"రెండుసార్లు సార్. మొదటిసారి తప్పాను."

ఆ మాట చెప్పడానికి ఆమె సిగ్గుపడలేదు. మాస్టారు పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టారు.

*

"మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయి. గుంజీలు తీసే మనిషికి ఏం చెప్పాలి?" అడిగింది భార్య. కుట్టు మిషను తొక్కడం ఆపకుండానే. పుస్తకం ఆమె ఒళ్ళో లేదు, మిషను బల్ల మీద బాబిన్ల డబ్బాకి ఆనించి ఉంది.

"బరువు తగ్గించాలి. మడమలు నేలకి ఆనించమనాలి. మోకాళ్ళు బొటనవేళ్ళ దారిలో పెట్టమనాలి."

"ఒప్పు. మొగుడు చెప్పులు గుమ్మం మధ్యలో వదిలేస్తే?"

"అది సిలబస్‌లో లేదు."

"ఉండాల్సింది. ఉంటే ఎంతమంది తప్పేవారో!"

బుధవారం మధ్యాహ్నానికి ముప్ఫై ప్రశ్నలకి ఇరవై నాలుగు ఒప్పయ్యాయి. తప్పయినవాటిలో సగం మాస్టారు సొంతంగా చదవబోయి, అక్షరాలు ఆనక తప్పినవే. పేవ్‌మెంటు మీద కొన్న కళ్ళజోడులో ఒక అద్దం ఎక్కువ, ఒకటి తక్కువ. అది పెట్టుకుంటే ఒక కన్ను దేనికో ఆశ్చర్యపోయినట్టు కనిపిస్తోంది.

"ఏమండీ, శనివారం పరీక్షలో ఎవరూ చదివిపెట్టరు మీకు. వెళ్ళి సరైన జోడు చేయించుకోండి. బస్టాండు పక్కన పిచ్చుక పనిచేసే కొట్టుందిగా. మనవాళ్ళని చూస్తే శ్రద్ధగా చేస్తుంది."

ఆ పేరు వచ్చినప్పుడల్లా మాస్టారు లేచి మంచినీళ్ళు తాగుతారు. ఇప్పుడూ తాగారు.

పిచ్చుక అని పేరు పెట్టింది ఆయనే. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ పిల్ల నాలుగువందల మీటర్ల పరుగులో చివరి వంపు దగ్గర పిట్ట కొమ్మ మారినట్టు ముందుకు దూకేది. అదే వంపు దగ్గర ఒకరోజు పడిపోయింది. కాలి ఎముక విరిగిన చప్పుడు గ్రౌండు అంచున నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించింది. తొమ్మిదేళ్ళయింది. ఆ కొట్టు నాలుగు స్టాపుల దూరం. ఆయన ఆ వీధిలో దిగడం మానేశారు.

గురువారం మధ్యాహ్నం నూట పన్నెండో ప్రశ్న వచ్చింది.

"ఇది పెద్దది, జాగ్రత్తగా వినండి," అంది భార్య. చొక్కాకి కాలరు వేస్తూ చదివింది. "పదిహేడేళ్ళ అమ్మాయి. పరుగు. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. ఎప్పుడూ నీరసం. మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి. నెలసరి ఆగి నాలుగు నెలలు."

మాస్టారు దగ్గారు.

"దగ్గెందుకు? పుస్తకంలో రాసి ఉంది. కోచ్‌గా మీరేం చేస్తారు? ఒకటి, వ్యాయామం పెంచుతారు. రెండు, మందలిస్తారు. మూడు, వారం రోజులు చూస్తారు. నాలుగు, వెంటనే పరుగు ఆపించి డాక్టరుకి చూపిస్తారు."

"పోటీల ముందా?"

"పోటీల ముందే అనుకోండి."

"పోటీలు దగ్గరపడితే పిల్లలకి రోజుకొక చోట నొప్పి. ముందు మందలించి చూడాలి. రెండు."

భార్య చివరి పేజీలు తిప్పింది. "నాలుగు," అంది. కింద ఉన్న వివరణ మొదలుపెట్టింది. "శ్రమకి తగ్గ తిండి లేనప్పుడు శరీరం ముందుగా నెలసరిని ఆపేస్తుంది. ఎముకల బలం తగ్గుతుంది. కంటికి కనపడని పగులు ఏర్పడుతుంది. అదే కాలితో పరుగు కొనసాగిస్తే ఎముక పూర్తిగా విరగవచ్చు. ఈ లక్షణాలను బద్ధకంగా పొరబడటం కోచ్‌లు..."

మిషను ఆగిపోయింది. సూది కాలరులో దిగి అలాగే ఉండిపోయింది.

భార్య లేచింది. బీరువా అడుగున పాత కొలతల పుస్తకాలు కట్టగట్టి ఉన్నాయి. హాస్టల్ పిల్లల పరుగు దుస్తులన్నీ ఆమె కుట్టినవే. తాడు విప్పి ఒకటి తీసి, పేజీ వెతికి, బల్ల మీద పెట్టింది.

పిచ్చుక. నడుము ఇరవయ్యారు. దాని పక్కన, నెల తర్వాత తేదీ వేసి, ఇరవై అయిదు. ఇంకో మూడు వారాలకి ఇరవై మూడున్నర.

"రెండుసార్లు కుట్లు విప్పి బిగించాను," అంది. "రెండోసారి ఆ పిల్లే చెప్పింది. 'పిన్నీ, నాలుగు నెలలైంది, పీడా వదిలింది, హాయిగా ఉంది' అని. నేను నవ్వి, అదృష్టవంతురాలివే అన్నాను. నేనన్న మాటండీ అది."

మాస్టారు మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగారు. ఏ సంవత్సరం రిజిస్టరో ఆయన వెతుక్కోనక్కర్లేదు. పిల్లల పేర్ల వరసలో రోజుకో అక్షరం రాయడం ఆయన పద్ధతి. బాగు అయితే 'బా'. పర్వాలేదు అయితే 'ప'. బద్ధకం అయితే 'బ'. పొదుపు కోసం పెట్టుకున్న అక్షరాలు.

ఆమె పుస్తకం పక్కన తన పుస్తకం తెరిచి పెట్టారు. నడుము ఇరవై మూడున్నర అయిన వారం నుంచి పిచ్చుక వరసలో బ. బ. బ. బ. దీర్ఘం ఒక్కచోట కూడా లేదు. మాస్టారు వేలు పెట్టి లెక్కపెట్టారు. పందొమ్మిది. ఇరవయ్యో గడి ఖాళీ. అది పడిపోయిన రోజు.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు.

"రోజూ చెప్పేదే," అన్నారు మాస్టారు. "కాలు నొప్పిగా ఉంది సార్ అని. ప్రతిరోజూ చెప్పింది."

భార్య చెయ్యి ఆయన వీపు మీద వేసింది. కొలత తీసేటప్పుడు వేసినట్టు, తేలిగ్గా, కదలనివ్వకుండా.

*

శుక్రవారం ఉదయం కొట్టు తెరిచేసరికే మాస్టారు మెట్ల మీద ఉన్నారు.

పిచ్చుక షట్టరు ఎత్తి వెనక్కి తిరిగి చూసి ఒక్క క్షణం ఆగింది. కాస్త ఒళ్ళు చేసింది. మెట్టు దిగేటప్పుడు కుడికాలు ఆచితూచి వేస్తుంది.

"రండి మాస్టారూ," అంది. తొమ్మిదేళ్ళని ఆ రెండు మాటల్లో ఏం చేసిందో ఆయనకి అర్థం కాలేదు.

కుర్చీలో కూర్చోబెట్టింది. అద్దాలు మార్చి చూసే బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టింది. చిన్న స్కేలు పట్టుకుని ఎదురుగా, మూరెడు దూరంలో కూర్చుంది.

"నా కుడికన్నులోకి చూడండి. కదలకండి."

చూడక తప్పలేదు. చెప్పాలనుకున్నది రాత్రంతా వరస పెట్టుకున్నారు. ఆ కన్ను ఎదురుగా ఉంటే ఆ వరస నిలవలేదు.

"అమ్మా, ఆ రోజు..."

"మాట్లాడకండి, కొలత మారిపోతుంది." అంకె రాసుకుంది. "ఇప్పుడు ఎడమకన్ను."

ఎడమకన్నులోకి చూశారు. ఆమె అంకె రాసుకుని స్కేలు కింద పెట్టాక చెప్పారు. నూట పన్నెండో ప్రశ్న, ఇరవై మూడున్నర, పందొమ్మిది రోజులు. తడబడుతూ, వెనకా ముందూ కలిపేస్తూ చెప్పారు. నెలసరి అన్న మాట దగ్గర దగ్గలేదు.

"విరిగింది ఆ రోజు కాదమ్మా. పగులు ముందే ఉంది. ఆ కాలితో నేనే నిన్ను పరిగెత్తించాను. నువ్వు చెబుతూనే ఉన్నావు. నేను బద్ధకం అని రాసుకున్నాను. తప్పు నాది."

పిచ్చుక బల్ల మీది పసుపు గుడ్డ తీసుకుని తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

"మీరు రాసేది నాకు కనపడేది," అంది. "మీకెదురుగా నిలబడేదాన్ని కదా. తలకిందులుగా ఉన్నా 'బ' తెలిసిపోతుంది మాస్టారూ."

ఆయన తల దించుకోబోయారు. ఫ్రేము జారింది. ఆమె దాన్ని సరిచేసింది.

"నేనూ బద్ధకమే అనుకున్నాను. వంగడం, సాగడం సరిగ్గా చెయ్యలేదు, అందుకే విరిగిందని. ఇప్పటికీ పొద్దున్నే నాలుగున్నరకి లేచిపోతాను. జ్వరమొచ్చినా సెలవు పెట్టను. మా ఆయన నవ్వుతాడు. 'ఎవరు తరుముతున్నారే నిన్ను?' అని." గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది. "నాలుగు స్టాపులు మాస్టారూ. తొమ్మిదేళ్ళు పట్టిందా రావడానికి?"

"పట్టిందమ్మా."

"ఇంతకీ జోడు ఎందుకు ఇప్పుడు?"

"రేపు పరీక్ష. ఈ అక్షరాలు ఆనడం లేదు." జేబులోంచి ఫారం కాపీ తీసి ఇచ్చారు. అక్షరాల సైజు చూపించడానికే ఇచ్చారు. ఆమె చదివింది. ఒకచోట ఆగి, వేలు పెట్టి, కాగితం ఆయన ముందుకి తిప్పి, ఫ్రేములో ఒక అద్దం తీసి ఇంకోటి వేసింది.

"ఇప్పుడు ఆనుతోందా?"

ఆనింది. మూడేళ్ళలో మొదటిసారి అంత చిన్న అక్షరం నల్లగా, నిటారుగా నిలబడింది. తొమ్మిదో గడి. మీ శిక్షణలో ఉండగా ఎవరికైనా తీవ్రమైన గాయం అయినదా? ఎదురుగా సూపరింటెండెంటు గుండ్రటి చేతిరాత: లేదు. కింద తన సంతకం.

"లేదట," అంది పిచ్చుక. "అయితే నేను లేనన్నమాట."

*

"మీకేమైనా మతి పోయిందా?" అన్నాడు సూపరింటెండెంటు. "అందరూ లేదనే రాస్తారు మాస్టారూ! తొమ్మిదో గడి అంటేనే లేదు. పదో గడి అంటే వర్తించదు. అంతే."

"కొట్టేసి రాస్తాను. నా ఫారం ఇవ్వండి."

"రాస్తే? ఇరవై రెండేళ్ళ సర్వీసు మీద మీరే గీత పెట్టుకుంటారా? ఆ అమ్మాయేమైనా ఫిర్యాదు చేసిందా?"

"లేదండీ. చేసి ఉంటే నాకు ముందే తెలిసేది."

సూపరింటెండెంటు విసురుగా సొరుగు లాగి ఫారం బయట పెట్టాడు. "కొట్టివేతకి కూడా స్టాంపు వెయ్యాలి. లేకపోతే చెల్లదు," అని గొణుగుతూ ఇంకు ప్యాడ్ మూత తీశాడు.

మాస్టారు కొత్త జోడు పెట్టుకున్నారు. పిచ్చుక ఆ సాయంత్రానికల్లా చేసి పంపింది. లేదు అన్న మాట మీద ఒక్క గీత గీశారు. పైన ఆమె పేరు రాశారు. పిచ్చుక అని కాదు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఏ ఎముక, ఏ తేదీ. తర్వాత గడి చాలక అంచు మీదకి వెళ్ళి ఇంకో వాక్యం రాశారు: పందొమ్మిది రోజులు నొప్పి ఉందని చెప్పినా శిక్షణ ఆపలేదు.

శనివారం రాతపరీక్షలో నూట పన్నెండో ప్రశ్నలాంటిది రాలేదు. వార్మప్ ఎన్ని నిమిషాలు, బార్ పట్టుకునే చేతుల మధ్య దూరమెంత, ఇలాంటివే వచ్చాయి. మాస్టారు గంట ముందే ముగించారు.

తర్వాత మౌఖిక పరీక్ష. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉన్న డాక్టరమ్మ ఫారం చదివి, వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇది మీరే రాశారా?"

"నేనే అమ్మా."

"ఇవాళ నలభై ఒక్కమందిని చూశాం. ఈ గడిలో 'లేదు' కాక వేరే మాట ఉన్నది ఇదొక్కటే." పక్కనున్న ఆయన ఏదో అనబోతే చేత్తో ఆపింది. "ఇది రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకుని పంపించెయ్యలేను. ఆ అమ్మాయి కాలికి నా మెచ్చుకోలు పనికిరాదు. అవునా?"

"అవునమ్మా."

"రాతపరీక్షలో మీకు నూటికి డెబ్భై ఎనిమిది. పాసయ్యారు. కానీ పత్రం ఇప్పుడివ్వం. ఏడాదిపాటు అర్హత ఉన్న కోచ్ కింద సహాయకుడిగా పనిచెయ్యాలి. సొంతంగా ఎవరికీ బరువు నిర్ణయించకూడదు. ఏడాది తర్వాత చూస్తాం. మీకేమైనా చెప్పాలని ఉందా?"

మాస్టారు ఆలోచించారు. రెండు రోజుల క్రితమైతే చెప్పడానికి ఇరవై రెండేళ్ళ సంగతులుండేవి. ఎన్ని పతకాలు, ఎంతమంది పిల్లలు, ఎవరి పేరు పేపర్లో పడింది.

"ఈ ఏడాది నేను ఎవరి కింద పనిచెయ్యాలో వాళ్ళకి ఒక మాట చెప్పండమ్మా. మా హాస్టల్లో అర్హత ఉన్న కోచ్ ఒకమ్మాయి ఉంది. ఆమెకి నా మీద గౌరవం ఉంది కాబట్టి నా తప్పు చెప్పడానికి మొహమాటపడుతుందేమో. పడొద్దని మీరు చెప్పండి."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "చెబుతాం."

*

సోమవారం ఆరింటికి మాస్టారు వెయిట్ రూము తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నారు. కొత్త కోచ్ అట్టకి తగిలించిన కాగితాలు ఇచ్చింది.

"రోజూ పిల్లలు లోపలికొచ్చేముందు నాలుగు ప్రశ్నలు సార్. నిద్ర, తిండి, నొప్పి, నెలసరి. ఒక్కొక్కళ్ళని విడిగా అడగాలి. నాలుగోది కావాలంటే నేను అడుగుతాను."

"వద్దు కోచ్‌గారూ. నేనే అడుగుతాను. మీరడిగితే అది ఆడవాళ్ళ సంగతి అవుతుంది. ఎముక సంగతి కావాలి కదా."

ఆయన నోట 'కోచ్‌గారూ' విని ఆ అమ్మాయి చెవుల దాకా ఎర్రబడింది. విజిల్ తీసుకుని గ్రౌండులోకి వెళ్ళిపోయింది.

మొదట వచ్చిన పిల్ల నాలుగో ప్రశ్నకి కిసుక్కున నవ్వింది. మాస్టారు నవ్వు అయిపోయేదాకా ఆగి మళ్ళీ అదే గొంతుతో అడిగారు. రెండో పిల్ల పైకప్పు చూస్తూ జవాబు చెప్పింది. మూడో పిల్ల, హర్డిల్స్ దూకే పొడుగమ్మాయి, నాలుగింటికీ "బాగానే ఉంది సార్" అని ఒక్క ఊపిరిలో చెప్పేసి లోపలికెళ్ళింది. తాడు తీసుకుంది. రెండు నిమిషాలకి తాడు చేతికి చుట్టుకుని తిరిగొచ్చింది.

"సార్, నాలుగోదానికి అబద్ధం చెప్పాను."

మాస్టారు కలం కింద పెట్టారు.

"మూడు నెలలైంది. కాలు కూడా... ఇక్కడ. ఒక్కచోటే." పాదం దగ్గర చూపించింది. గబగబా అంది, "కానీ పరిగెత్తగలను సార్. ఆదివారం పోటీ ఉంది. ఇది రాయకండి సార్, ప్లీజ్. నన్ను తీసేస్తారు."

"ఆ తాడు ఇలా ఇవ్వు."

ఇచ్చింది. అప్పటికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారు తాడు కొక్కేనికి తగిలించారు. ఆ పిల్ల సంచి తన భుజాన వేసుకున్నారు.

"పద. డాక్టరు గది దాకా నడుద్దాం. మెల్లిగా. నొప్పి పుడితే చెప్పు, ఆగుదాం."

"మీకు పనుంది కదా సార్, నేను వెళ్తాను."

"పనిమీదే వస్తున్నాను."

వసారా పొడుగునా ఆ పిల్ల అడుగుకి తన అడుగు కలిపి నడిచారు. రెండుచోట్ల ఆగారు. డాక్టరు గదిలో తెర వెనక్కి ఆమె ఒక్కతే వెళ్ళింది. మాస్టారు బయట బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గ్రౌండులో పరుగుకి విజిల్ పడింది. ఆ చప్పుడుకి ఇరవై రెండేళ్ళుగా వాటంతటవే లేచిన మోకాళ్ళు ఒకసారి కదిలాయి. చేత్తో నొక్కి పట్టుకున్నారు.

తెర వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"సార్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అన్నారు మాస్టారు.